బండ్లు లేని పదకొండు వారాలు

ఆ ఏడు ఏప్రిల్ చివర్లో కొండ జారి మా రోడ్డును మింగినప్పుడు పోయిన ప్రాణం ఒక్కటే, మా ఊరి పెద్దాయన దోన్ ఫుల్హెన్సియో ఆవు. అదీ ముసలిది, పాలు మానేసి రెండేళ్లయింది. అయినా దాన్ని తలుచుకుని ఆయన ఏడ్చిన ఏడుపు చూసి, రేపు మనం పోతే మన ఇంటాయన ఇందులో సగమైనా ఏడుస్తాడా అని ఊళ్లో ఆడవాళ్లం ఎవరికి వాళ్లం లోపల బేరీజు వేసుకున్నాం. నాకు తట్టిన జవాబు నేను బయటికి చెప్పలేదు.

బొగొతా నగరం నుంచి మా ఊరు రావాలంటే సిలువ కనుమ ఎక్కి దిగాలి. కొండ జారింది కనుమకి అవతల, నగరం వైపు. దాంతో మా గుమ్మం నుంచి కనుమ దాకా తొమ్మిది కిలోమీటర్ల తారు రోడ్డు నున్నగా మిగిలింది, దాని మీద తిరిగే బండి మాత్రం ఒక్కటీ లేదు. నగరానికి పోవాల్సినవాళ్లు కింది దారిన నాలుగు గంటలు చుట్టు తిరిగి పోయేవాళ్లు. మా ఆయన ఎవేలియో నడిపే బస్సు ఆ రోజు నగరంలోనే ఉండిపోయింది, బస్సుతో పాటు ఆయన కూడా. ఆదివారాలు మాత్రం జారిన మట్టి మీదుగా నడిచి, మోకాళ్ల దాకా బురదతో ఇంటికి వచ్చేవాడు. మిగిలిన ఆరు రోజులూ ఇంట్లో నేనూ, మా మామగారు దోన్ లియోనిదాస్.

మూడో రోజు పొద్దున మామగారు నున్నగా గడ్డం గీసుకుని వంటింట్లోకి వచ్చారు. ఒంటి మీద చిమ్మటలు తిన్న పాత ఉన్ని చొక్కా, సైకిల్ పందేల నాటిది.

"ఇవాళ ఎన్నో అంచె తల్లీ?" అన్నారు.

"దేనికి మామయ్యా?"

"రోడ్డు మూశారు కదా. ఊరికే మూస్తారా ఎవరైనా?"

కిటికీలోంచి చూశాను. పాల లారీ లేదు, ఇసుక లారీ లేదు. ముప్పై ఏళ్లుగా పొద్దస్తమానం వణికే మా కిటికీ అద్దాలు ఆ మూడు రోజులూ కదలకుండా నిలబడ్డాయి. పాతికేళ్ల వయసులో, రోజుకో అంచె చొప్పున దేశమంతా చుట్టే పందెంలో సైకిల్ తొక్కిన మనిషి ఆయన. బండ్లు లేని రోడ్డును ఆయన జన్మలో పందెం రోజున తప్ప చూడలేదు. ఆయన జ్ఞాపకం నాలుగేళ్లుగా కారిపోతూ వస్తోంది గానీ, తర్కంలో మాత్రం చిల్లు లేదు. నేను కాలేజీలో వృక్షశాస్త్రంతో పాటు తర్కం కూడా ఒక ఏడాది చదివాను. మార్కులు వేస్తే నాకంటే ఆయనకే ఎక్కువ వచ్చేవి.

"మొదటి అంచె మామయ్యా," అన్నాను. నా నోరు అంతే, నన్ను అడిగి మాట్లాడదు.

ఆ పందెంలో ఆయన గెలిచినవాడు కాదు, బంటు. నాయకుడికి నీళ్లు మోయడం, గాలికి అడ్డంగా ముందు తొక్కడం, అతని చక్రం పంక్చరైతే తన చక్రం ఊడదీసి ఇచ్చి దారి పక్కన నిలబడిపోవడం బంటు పని. ఆయన నాయకుడి పేరు మిసాయెల్ సెలీ. మా రోడ్డు మీదే, కనుమ ఎక్కే దారిలో నాలుగో వంపు దగ్గర, మిసాయెల్ కి చక్రం ఇచ్చి మామగారు వానలో రెండు గంటలు నిలబడ్డారు. మిసాయెల్ ఆ ఏడు పందెం గెలిచాడు. పెళ్లయి వచ్చిన మొదటి రాత్రి భోజనంలోనే నేనీ కథ విన్నాను. ఆ తర్వాత ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. ఎవేలియోకి మాత్రం ఈ కథంటే ఒళ్లుమంట. "మా నాన్న జీవితంలో గొప్ప పనేంటయ్యా అంటే, ఆగిపోవడం," అనేవాడు.

తర్వాతి ఆదివారం వచ్చి, గోడకి ఆనించిన సైకిల్ చూసి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"మీకు మతి గానీ పోయిందా రోసల్బా?" మా కొండల్లో మొగుడూ పెళ్లాలు, తండ్రీ కొడుకులు కూడా ఒకళ్లనొకళ్లు 'మీరు' అనే అంటారు, తిట్టుకునేటప్పుడు మరీను. "డెబ్బై ఒక్కేళ్ల మనిషిని సైకిలెక్కిస్తారా?"

"నేనెక్కించలేదు, ఆయనే ఎక్కారు. నేను టైర్లలో గాలి కొట్టానంతే."

"పడితే?"

"కిందటేడు కుర్చీలోంచి రెండుసార్లు పడ్డారు. కుర్చీ అమ్మేద్దామా?"

ఎవేలియో కూర్చుని బురద బూట్లు విప్పసాగాడు. లోపల మామగారు పళ్లెంలో దుంపలన్నీ తినేసి, ఇంకో రెండు పెట్టమని అడగడం వినబడింది. ఆయన తిండి అడిగి ఏడాదయింది.

"ఇప్పుడంటే బండ్లు లేవు, సరే. రోడ్డు తెరిచిన రోజున?"

"ఆ రోజుకి ముందే దింపేస్తాను."

"పందెం అయిపోయిందంటే వింటారా ఆయన?"

"నాకొదిలేయండి."

"మీ మాట మీద వదులుతున్నాను," అన్నాడు ఎవేలియో. "రోడ్డు తెరిచాక మా నాన్న ఆ రోడ్డు మీద నాకు కనబడకూడదు."

"కనబడరు," అన్నాను.

*

రోజూ ఏడింటికి ఆయన బయల్దేరేవారు. ఆయన వంపులన్నీ తిరిగి వచ్చేలోపు నేను గాడిదల అడ్డదారిన, మోకాళ్లు నన్ను తిట్టిపోస్తుండగా, కనుమ చేరేదాన్ని. సంచిలో వేడి బెల్లం నీళ్ల ఫ్లాస్కు, జున్ను ముక్క, ఆకులో చుట్టిన జామ తాండ్ర, ఒక న్యూస్ పేపరు. కనుమ మీద పొగమంచులో ఫ్రైలెహోన్ మొక్కలు బూడిదరంగు ఉన్ని కప్పుకుని సన్యాసుల్లా నిలబడి ఉంటాయి. అవి ఏడాదికి ఒక సెంటీమీటరు పెరుగుతాయి. నా డిగ్రీ వల్ల ఇంటికి ఒరిగిందల్లా ఈ సంగతి తెలియడమే.

ముందు గొలుసు చప్పుడు వినబడేది, తర్వాత ఊపిరి, ఆ తర్వాత మంచులోంచి మనిషి. కనుమ మీద ఆయన నన్ను ఎన్నడూ గుర్తుపట్టలేదు, పందెం కబుర్లు చెప్పే రేడియో మనిషిననుకునేవారు.

"ఏ రేడియో అమ్మాయిగారూ?" అని అడిగారు మొదటి రోజు.

నలభై ఏడేళ్ల నన్ను అమ్మాయిగారూ అన్న మగవాడు పదేళ్లలో ఆయనొక్కరే. ఆ మాట కోసం ఏ అబద్ధమైనా ఆడొచ్చు. "సిలువ కనుమ రేడియో అండీ."

"రేడియో వాళ్లు ఆడపిల్లల్ని పంపరే?"

"పంపలేదు. నేనే వచ్చేశాను."

నవ్వారు. వెంటనే ఆ నవ్వు పోయింది. "మిసాయెల్ ముందున్నాడా, వెనకున్నాడా?"

"ముందున్నారు. నాలుగు నిమిషాలు."

ఆయన భుజాలు కిందికి దిగాయి. "హమ్మయ్య. అయితే నా పని అయినట్టే."

దిగేటప్పుడు గాలి గుండెను కోసేస్తుంది కాబట్టి, మా వైపు సైకిల్ వాళ్లు ఛాతీ మీద చొక్కా లోపల న్యూస్ పేపరు పెట్టుకుంటారు. నేనిచ్చిన పేపరును ఆయన తిప్పి చూసి మళ్లీ మడత పెట్టారు. "చావు కబుర్లు గుండెకి తగలకూడదు అమ్మాయిగారూ. ఆటల పేజీ లోపలికి, చావుల పేజీ బయటికి."

అంతకుముందు ఇంట్లో రోజుకు నాలుగుసార్లు "మా ఆవిడేది?" అని అడిగేవారు. చనిపోయి ఆరేళ్లయిందని చెబితే నాలుగుసార్లూ అప్పుడే విన్నట్టు ఏడ్చేవారు. ఆ పదకొండు వారాల్లో ఒక్కసారి కూడా అడగలేదు. అందుకే పొద్దున్నే గాడిదల దారి పట్టేదాన్ని, మరెందుకూ కాదు.

బండ్లు లేని రోడ్డుందని తెలిసి నగరం సైకిల్ వాళ్లు కూడా రావడం మొదలుపెట్టారు. కొండ జారినచోట సైకిళ్లు భుజాన వేసుకుని బురద దాటి, మా ఊరి దాకా దిగి మళ్లీ కనుమ ఎక్కేవాళ్లు. వాళ్లలో డాక్టర్ ఓర్హుయేలా అని ఒక పళ్ల డాక్టరు ఉండేవాడు. మా పెళ్లికైన ఖర్చు కన్నా ఖరీదైన సైకిలు ఆయనది. మామగారి సంగతి నా దగ్గర విని, మర్నాటి నుంచి ఆయనా, ఆయనతో వచ్చేవాళ్లూ ఆఖరి వంపులో మామగారిని దాటడం మానేశారు. తొక్కగలిగిన కుర్రకాళ్లన్నీ ఆ ముసలి సైకిల్ వెనక బారుగా, పెళ్లి ఊరేగింపులా వచ్చేవి. నేను పిండి సంచి గుడ్డ మీద నలభై ఏడు అంకె వేసి మామగారి వీపుకి కుట్టాను. నా వయసే వేశాను, ఎవరూ కనిపెట్టలేదు.

*

జూలై మొదటి ఆదివారం పూజలో ఫాదర్ ప్రకటించారు. పదహారో తారీకున, కార్మెన్ మాత పండగ రోజున, రోడ్డు తెరుస్తారు. డ్రైవర్ల తల్లి కదా ఆవిడ. లారీలూ బస్సులూ పూలు కట్టుకుని నగరం నుంచి కనుమ మీదుగా ఊరేగి వస్తాయి. చర్చి అంతా చప్పట్లు. నేను మోకాళ్ల మీద ఉన్నానన్న వంకతో చేతులు కదపలేదు.

"గుర్తుంది కదా?" అన్నాడు ఎవేలియో చెవిలో.

"ఉంది."

నాకో ఆలోచన వచ్చింది. పదిహేనున ఆఖరి అంచె పెడదాం. కనుమ మీద రిబ్బన్ కడదాం. జీవితమంతా బంటుగా తొక్కిన మనిషి ఒక్కసారి అందరికన్నా ముందు గీత దాటి, మెళ్లో దండ వేయించుకుని, పందెం అయిపోయిందని తనకు తానే నమ్మి ఇంటికొస్తారు. చదువుకున్నదాని బుర్ర, అందులో పుట్టిన ఆలోచన అందంగానే ఉంటుంది.

డాక్టరుకి చెబితే ఎగిరి గంతేశాడు. "మిసాయెల్ సెలీ గారిని కూడా పిలుద్దామా? ఆయన పైవరస పళ్లు నేనే కట్టాను."

"ఆయన బతికే ఉన్నారా?"

"జొన్న రొట్టె కొరికేంతగా ఉన్నారు."

అక్కడే ఫోన్ కలిపి నాకిచ్చాడు. అవతల ఒక పెద్దాయన గొంతు, మర్యాదగా, నెమ్మదిగా. నేను సంగతంతా చెప్పాను. "లియోనిదాస్... ఆఁ, ఆఁ," అన్నారాయన. "వస్తానమ్మా. వాతావరణం బాగుంటే."

పదిహేనున పొద్దుటి నుంచీ జల్లు. మా వంటింటి కర్టెన్ చింపి కట్టిన రిబ్బన్ తడిసి వేలాడింది. డాక్టరు, ఆయన మిత్రులు ఇరవై మంది, చేతిలో చర్చి తోట హైడ్రేంజియా పూల దండతో నేను. మిసాయెల్ రాలేదు.

గొలుసు చప్పుడు, ఊపిరి, మనిషి. అందరం అరిచాం. మామగారు తల ఎత్తి రిబ్బన్ చూశారు. దానికి రెండు బారల ఇవతల బ్రేకు వేసి, కాళ్లు నేల మీద ఆనించారు.

"తొక్కండి దోన్ లియోనిదాస్! గెలుపు మీదే!" అన్నాడు డాక్టరు.

"నాదెలా అవుతుంది?" అన్నారు మామగారు. నాకేసి తిరిగారు. "మిసాయెల్ ఏడి అమ్మాయిగారూ?"

"ముందున్నారు," అన్నాను అలవాటుగా.

ఆయన జాలిగా చూశారు. "ముందుంటే రిబ్బన్ తెగి ఉండాలి కదమ్మా. తెగలేదు. అంటే వెనకే ఉన్నాడు. దారిలో ఏదో అయింది."

చెప్పాను కదా, తర్కంలో చిల్లు లేదు.

సైకిల్ పక్కన నిలబడి వెనక్కి, మంచులోకి చూస్తూ ఉండిపోయారు. గంటయింది. సైకిల్ వాళ్లు చలికి ఒక్కొక్కరే సెలవు తీసుకున్నారు. డాక్టరు ఇంకో గంట ఉండి, నా ముఖం చూడకుండా వెళ్లిపోయాడు. మూడో గంటకి మామగారి పెదాలు నీలంగా మారాయి. నేను ఆడిన అబద్ధాలన్నిటిలోకీ అలవోకగా ఆడింది అప్పుడే.

"ఇప్పుడే కబురొచ్చిందండీ. మిసాయెల్ గారి చక్రం పంక్చరయిందట. అంచె రేపటికి వాయిదా వేశారు. రేపు తప్పకుండా వస్తారు."

"చక్రమా?" అన్నారు మామగారు.

బుద్ధిగా సైకిల్ ఎక్కారు. నేనిచ్చిన పేపరును మాత్రం గుండె మీద పెట్టుకోకుండా, మడత సరిచేసి వెనక జేబులో పెట్టుకున్నారు.

"చలి అండీ," అన్నాను.

"ఇది మిసాయెల్ కి. నాకలవాటే."

సంచిలో రెండో పేపరు లేదు. ఇప్పటికీ ఆ సంచిలో రెండు పేపర్లు పెట్టుకోకుండా నేను గడప దాటను. దేనికో నన్నడగొద్దు.

*

పండగనాడు చర్చి వంటశాలలో నూట యాభై మందికి దుంపల సూపు నా చేతి మీదుగా దిగాలి. తెల్లవారగానే మామగారిని టీవీలో పూజ ముందు కూర్చోబెట్టి, చేతికి బెల్లం నీళ్లిచ్చాను. సైకిల్ ని కోళ్ల గూటిలో పెట్టి, ఇనుప గొలుసును వెనక చక్రంలోంచీ చట్రంలోంచీ తిప్పి తాళం వేశాను. వీధి తలుపుకి కూడా తాళం వేశాను. కోళ్ల వైపు తలుపు గడియ మాత్రం నేను ఎన్నడూ పట్టించుకున్నది కాదు. సైకిల్ లేకుండా ఆయన ఎక్కడికి పోతారు?

పది దాటాక కొండ మీది నుంచి హారన్లు దిగివచ్చాయి. డెబ్బై బండ్లు, బుడగలు, రంగు కాగితాలు, పూలు. ముందు లారీ మీద కార్మెన్ మాత గొడుగు కింద తడవకుండా వచ్చింది. మూడో బండి ఎవేలియో బస్సు. దిగి నేరుగా వంటశాలలోకి వచ్చి అందరి ముందూ నన్ను కావలించుకున్నాడు. అలాంటి మనిషి కాదు.

"మీరు గట్టివారే రోసల్బా! మా నాన్నకి ఊరేగింపు చూపించారు! నాలుగో వంపు దగ్గర కాలువ గట్టు మీద నిలబడి ఒక్కో బండికీ చెయ్యి ఊపుతున్నాడు. ఆగుదామంటే వెనక అరవై బండ్లు. మీరు పక్కన రాళ్ల మీద కూర్చుని ఉంటారని హారన్ కొట్టి వచ్చేశాను."

నా చేతిలో గరిటె ఉంది.

"నేనిక్కడున్నాను," అన్నాను.

పూలు కట్టిన బస్సులోనే వెళ్లాం. ఆయన అక్కడే ఉన్నారు, రోడ్డు మీద కాదు, పద్ధతిగా గట్టు మీద. తడిసి ముద్దయిన ఉన్ని చొక్కా, వీపు మీద నలభై ఏడు. సైకిల్ ముందు చక్రం ఊడదీసి, నాలుగు కిలోమీటర్లు ఎత్తుకుని నడిచి, దాన్ని రెండు చేతులతో నిటారుగా పట్టుకుని నిలబడ్డారు.

"బండి తీయండి, తీయండి," అన్నారు మమ్మల్ని చూసి. "ప్రచారం బండ్లన్నీ పోయాయి. ఇక సైకిళ్లు వస్తాయి."

పందేల్లో ముందు హారన్లతో ప్రచారం బండ్లు పోతాయి, వెనకే సైకిళ్లు వస్తాయి. చిన్నప్పుడు నేనూ చూశాను. ఆయన లెక్క ఈసారి కూడా సరిగ్గానే ఉంది.

ఎవేలియో తండ్రి ముందు నిలబడ్డాడు. ఆ కథంటేనే ఒళ్లుమంట అయిన మనిషి రెండు చేతులూ చాచాడు. "నేనే మిసాయెల్ ని. ఇవ్వండి. ఇచ్చి ఇంటికి పదండి."

మామగారు చాలాసేపు చూశారు. ఆ ముఖంలో ఏడాదిగా నేను చూడని వెలుతురు ఒకటి వచ్చింది.

"కాదు," అన్నారు. "మీరు మా ఎవేలియో. మీకు సైకిలంటే ఇష్టం లేదు కదా నాయనా."

ఎవేలియో గట్టు మీద కూలబడ్డాడు. ఆవు కోసం దోన్ ఫుల్హెన్సియో ఏడ్చినట్టు ఏడ్చాడు. మా ఆయన ఏడుపు గురించి మొదట్లో నేను వేసుకున్న బేరీజు తప్పని నాకు అలా తెలిసింది.

*

ఆ రాత్రికే మామగారికి జ్వరం వచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగింది. కొత్త రోడ్డు మీద నగరం ఆసుపత్రి నలభై నిమిషాలే. పదకొండు రోజులు అక్కడ ఉన్నారు. ఆఖర్లో ఒక మధ్యాహ్నం కళ్లు తెరిచి, "చక్రం అందిందా?" అన్నారు.

"అందింది మామయ్యా. ఆయన గెలిచారు."

నమ్మారు. అక్కడ చూసుకోవడానికి రిబ్బన్ లేదు.

అంత్యక్రియలకి మిసాయెల్ సెలీ వచ్చారు. నల్ల కారు, డ్రైవరు, మంచి కోటు, డాక్టరు కట్టిన తెల్లటి పళ్లు. పాతిపెట్టి వచ్చాక మా ఇంటి ముందు నిలబడి టోపీ చేతిలోకి తీసుకున్నారు.

"ఆ రోజు వాన కదమ్మా. పైగా కారు పోయే దారి లేదు."

"అవునండీ. ఇప్పుడు దారి బాగుంది."

ఆ దెబ్బ ఆయనకి తగిలింది. కాసేపు టోపీ అంచు తిప్పుతూ నిలబడ్డారు. "అబద్ధం ఆడను. ఆ వంపు దగ్గర ఎవరో చక్రం ఇచ్చారు. ఒక చెయ్యి కనబడింది, చక్రం కనబడింది. ముఖం చూడలేదు. చూస్తే సమయం పోతుంది."

"ఆ చెయ్యి ఈయనదే."

లోపలికెళ్లి, ఆసుపత్రి వాళ్లిచ్చిన బట్టల మూటలోంచి పేపరు తెచ్చాను. వానకి తడిసి, ఎండి అట్టలా బిగుసుకుంది. మడత మాత్రం చెదరలేదు. "ఇది మీకని ఉంచారు."

ఇదేంటని అడుగుతారనుకున్నాను. అడిగితే అనడానికి పుల్లటి మాట ఒకటి నాలుక మీద సిద్ధంగా పెట్టుకున్నాను. ఆయన అడగలేదు. పేపరు అటూ ఇటూ తిప్పి మడత చూశారు. ఆటల పేజీ లోపలికి, చావుల పేజీ బయటికి. కోటు బొత్తాలు విప్పి, చొక్కా బొత్తాలు రెండు విప్పి, దాన్ని గుండె మీద పెట్టుకుని మళ్లీ అన్నీ పెట్టుకున్నారు. ఒక్కో బొత్తానికీ చాలాసేపు పట్టింది. తర్వాత కారెక్కారు. డ్రైవరు అద్దాలు పైకి లేపాడు.

మా గుమ్మంలోంచి నాలుగో వంపు కనబడుతుంది. కారు అక్కడ ఆగుతుందేమోనని చూస్తూ నిలబడ్డాను. ఆగలేదు. దాని వెనకే ఇసుక లారీ ఒకటి మా ఇంటి ముందు నుంచి పోయింది, కిటికీ అద్దాలు వణికాయి.